హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీతో జిమ్ ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

హెల్త్ పాలసీ ఉన్నవాళ్లలో చాలామందికి దాని గురించి రెండే విషయాలు తెలుసు. ఏటా ఎంత కట్టాలి, ఆస్పత్రిలో చేరితే ఎంతవరకు ఇస్తారు. ఆ పాలసీ కాగితాల్లోనే వెనక ఎక్కడో 'వెల్‌నెస్' పేరుతో ఒకటి రెండు పేజీలు ఉంటాయి. వాటిని చూడకుండానే జిమ్‌కి వెళ్లి పూర్తి ఫీజు కట్టేస్తాం. కానీ ఆ పేజీల్లో ఉన్నదానికి కూడా మనం ప్రీమియంలోనే డబ్బు కట్టాం. దాన్ని వాడుకోవడం మన హక్కు.

ఈ వెసులుబాటు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్తాను. మన హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, 2020 సెప్టెంబరులో వెల్‌నెస్ ప్రయోజనాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరోగ్యంగా ఉండటానికి ప్రయత్నించే పాలసీదారులకు యోగా కేంద్రాలు, జిమ్‌లు, స్పోర్ట్స్ క్లబ్బుల సభ్యత్వానికి వోచర్లు ఇవ్వవచ్చని, రెన్యువల్‌లో ప్రీమియం తగ్గించవచ్చని, లేదా బీమా మొత్తం పెంచవచ్చని అందులో చెప్పింది. ఇవి ఇవ్వవచ్చని చెప్పిందే తప్ప ఇచ్చి తీరాలని చెప్పలేదు. అందుకే ఒక పాలసీలో ఉన్నది ఇంకో పాలసీలో ఉండదు. ఒకే కంపెనీలో కూడా ఒక ప్లాన్‌కి, ఇంకో ప్లాన్‌కి తేడా ఉంటుంది. పక్కింటాయనకు వచ్చింది కదా అని మనకూ వస్తుందనుకోవద్దు.

ముందుగా: మీ పాలసీలో ఉన్నది ఏ రకం?

పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొద్ది పేజీల పత్రం ఇస్తారు. 2024 జనవరి నుంచి దీన్ని కొత్త పద్ధతిలో, తేలిక భాషలో ఇవ్వాలన్న నిబంధన ఉంది. అడిగితే మన భాషలో కూడా ఇవ్వాలి. ముందు అది తీయండి. తర్వాత పాలసీ పూర్తి పత్రం పీడీఎఫ్ తెరిచి వెల్‌నెస్, ఫిట్‌నెస్, జిమ్, రివార్డ్, రెన్యువల్ డిస్కౌంట్ అనే మాటలను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కటిగా వెతకండి. పది నిమిషాల పని.

అక్కడ కనిపించేది సాధారణంగా రెండు రకాల్లో ఒకటి. కొన్నిట్లో రెండూ ఉంటాయి.

మొదటిది నేరుగా ఫీజులో తగ్గింపు. కంపెనీ యాప్‌లోకి వెళ్తే ఒప్పందం ఉన్న జిమ్‌ల జాబితా ఉంటుంది. అక్కడ వోచరో, కోడో తీసుకుని జిమ్‌లో చూపిస్తే ఫీజు తగ్గుతుంది.

రెండోది, మీరు వ్యాయామం చేస్తే ప్రీమియంలో తగ్గింపు ఇవ్వడమో, దాన్ని పాయింట్లుగా వెనక్కి ఇవ్వడమో. జిమ్‌కి ఫీజు పూర్తిగానే కడతారు, లాభం బీమా వైపు నుంచి వస్తుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఉదాహరణకు ఆదిత్య బిర్లా హెల్త్ వాళ్ల ప్లాన్లలో రోజుకు 10,000 అడుగులు నడిచినా, వ్యాయామంలో 300 కేలరీలు ఖర్చయినా, వాళ్ల జాబితాలోని ఫిట్‌నెస్ సెంటర్‌లో 30 నిమిషాలు గడిపినా దాన్ని 'యాక్టివ్ డే'గా లెక్కేసి, హెల్త్‌రిటర్న్స్ పేరుతో కొంత మొత్తం జమ చేసే పద్ధతి ఉంది. నివా బూపా రీఅష్యూర్ 2.0లో నడకను బట్టి రెన్యువల్ ప్రీమియం 30 శాతం వరకు తగ్గే ఏర్పాటు ఉంది. కేర్ సుప్రీమ్‌లో వెల్‌నెస్ ప్రయోజనాన్ని విడిగా జత చేసుకుంటే అలాంటి తగ్గింపే వస్తుంది. ఈ షరతులు ప్లాన్‌ని బట్టి, తీసుకున్న ఏడాదిని బట్టి మారతాయి. కాబట్టి మీ చేతిలోని పత్రంలో ఉన్నదే లెక్క.

ఈ రెండో రకాన్ని చిన్నచూపు చూడకండి. ఒక లెక్క వేద్దాం. జిమ్ ఫీజు ఏడాదికి 15,000 రూపాయలు, వోచర్ మీద 20 శాతం తగ్గింది అనుకుందాం. మిగిలింది 3,000. అదే మీ ఇంటి ప్రీమియం 24,000 ఉండి, వ్యాయామం వల్ల రెన్యువల్‌లో 20 శాతం తగ్గితే మిగిలేది 4,800. పైగా దీనికి ఆ కంపెనీ చెప్పిన జిమ్‌కే వెళ్లాలన్న పట్టింపు చాలా ప్లాన్లలో ఉండదు. మీ వీధి చివర జిమ్‌కి వెళ్లినా, ట్రెడ్‌మిల్ మీద నడిచినా, కేబీఆర్ పార్క్ చుట్టూ తిరిగినా, ఆర్‌కే బీచ్‌లో నడిచినా అడుగులు అడుగులే. ఒంగోలు, కరీంనగర్ లాంటి ఊళ్లలో ఉండేవాళ్లకు జాబితాలో ఒక్క జిమ్ కూడా దగ్గర్లో దొరకకపోవచ్చు. వాళ్లకు నిజంగా పనికొచ్చేది ఈ దారే.

ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. ఆఫీసు ఇచ్చిన గ్రూప్ పాలసీతో పాటు కంపెనీ విడిగా ఫిట్‌నెస్ ప్యాకేజీ కొని ఉండవచ్చు. కల్ట్, ఫిట్‌పాస్ లాంటి ఫిట్‌నెస్ సంస్థలతో ఒప్పందాలు ఉండవచ్చు. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన రోజు వచ్చిన మెయిల్‌లో ఉండి, మర్చిపోయి ఉంటాం. హెచ్‌ఆర్‌ని అడగండి, టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) యాప్‌లో ఆఫర్ల పేజీ చూడండి. ఇక్కడ దొరికే తగ్గింపు సొంత పాలసీలో దొరికేదానికంటే ఎక్కువ ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే వేలమంది ఉద్యోగుల తరఫున ఒకేసారి బేరం ఆడతారు. కాకపోతే ఉద్యోగం మానేస్తే అది ఆగిపోవచ్చు. నోటీస్ పీరియడ్‌లో ఉండి ఏడాది సభ్యత్వం తీసుకునే ముందు ఈ ఒక్కటీ కనుక్కోండి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ కాదు, మెయిల్ పెట్టండి

ఫోన్‌లో 'ఉంది సార్, యాప్‌లో చూడండి' అంటారు. తర్వాత యాప్‌లో కనిపించకపోతే ఆ మాటకు సాక్ష్యం ఉండదు. మెయిల్‌కి వచ్చిన జవాబు చేతిలో ఉంటే రేపు ఎక్కడైనా చూపించవచ్చు. రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ నుంచే పంపండి. ఇలా రాస్తే సరిపోతుంది:

'నా పాలసీ నంబరు ఇది. ఈ పాలసీలో జిమ్ లేదా ఫిట్‌నెస్ సెంటర్ సభ్యత్వం మీద రాయితీ ఉందా? ఉంటే నా పిన్‌కోడ్‌కు దగ్గర్లో ఏయే జిమ్‌లలో వర్తిస్తుంది? రాయితీ ఏ ధర మీద లెక్కిస్తారు? కుటుంబంలో ఎవరెవరు వాడుకోవచ్చు? ఒక్కసారేనా, ప్రతి రెన్యువల్‌కీ ఇస్తారా? వ్యాయామం ఆధారంగా రెన్యువల్ ప్రీమియంలో తగ్గింపు ఉంటే, రోజువారీ లక్ష్యం ఎంత, ఎన్ని రోజులు చేయాలి, లెక్క ఏ తేదీ నుంచి మొదలవుతుంది? ఈ ప్రయోజనం వాడుకుంటే నా నో క్లెయిమ్ బోనస్ మీద ప్రభావం ఉంటుందా?'

చివరి ప్రశ్న చాలామందికి భయం పుట్టించేది. నో క్లెయిమ్ బోనస్ అంటే ఏడాదంతా క్లెయిమ్ చేయనివాళ్లకు కంపెనీ ఇచ్చే అదనపు ప్రయోజనం. జిమ్ వోచర్ తీసుకోవడం ఆస్పత్రి బిల్లు క్లెయిమ్ చేయడం లాంటిది కాదు కాబట్టి మామూలుగా బోనస్ తగ్గదు. అయినా రాతపూర్వకంగా జవాబు ఉంటే మనశ్శాంతి.

ఏ ధర మీద రాయితీ అన్నది కూడా తేలిగ్గా వదిలేయవద్దు. జిమ్ బోర్డు మీద రాసిన ధర ఒకటి, కౌంటర్‌లో ఇచ్చే ధర ఇంకొకటి. ఏడాదికి 20,000 అని బోర్డు పెట్టి, ఎవరు అడిగినా 14,000కే ఇచ్చే జిమ్‌లో 20,000 మీద 25 శాతం తగ్గించి 15,000 కట్టించుకుంటే మనకు దక్కింది ఏమీ లేదు, వెయ్యి ఎక్కువే పోయింది.

ఆరోగ్య పరీక్ష ముందే చేయించుకోండి

చాలా పాలసీల్లో ఏడాదికోసారి ఉచిత హెల్త్ చెకప్ ఉంటుంది. అది కూడా చాలామంది వాడుకోకుండానే పోతుంది. జిమ్‌లో చేరాలనుకున్నప్పుడే దాన్ని బుక్ చేసుకోండి. రెండు లాభాలు ఉన్నాయి. కొన్ని ప్లాన్లలో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బరువు చూసి ఒక స్కోరు ఇచ్చాకే వ్యాయామం లెక్క మొదలవుతుంది. పరీక్ష ఆలస్యమైతే మీరు చేసిన వ్యాయామం లెక్కలోకి రాకుండా పోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో గుండె జబ్బులున్నవాళ్లు బరువులు ఎత్తడం మొదలుపెట్టే ముందు రిపోర్టు డాక్టరుకి చూపించి సరేననిపించుకోవాలి. రాయితీ కోసం తొందరపడి దీన్ని దాటేయవద్దు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది: ఈ రిపోర్టులు కంపెనీకి చేరితే రేపు ప్రీమియం పెంచుతారా, క్లెయిమ్ ఆపేస్తారా? మీరు క్లెయిమ్ చేశారన్న కారణంతో మీ ఒక్కరికే రెన్యువల్ ప్రీమియం పెంచడానికి నిబంధనలు ఒప్పుకోవు. పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో (దరఖాస్తులో) ఉన్నది ఉన్నట్టు రాసినవాళ్లు భయపడాల్సిన పని లేదు. అప్పటికే షుగర్ ఉండి, ఫారంలో లేదని రాసి ఉంటే మాత్రం సమస్య ఉంది. ఆ సమస్య ఈ చెకప్ వల్ల వచ్చింది కాదు, ఎప్పటికైనా క్లెయిమ్ రోజున బయటపడేదే. ఇప్పుడే కంపెనీకి తెలియజేసి సరిచేసుకోవడం మంచిది.

జిమ్‌కి డబ్బు కట్టే ముందు

మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. వోచర్లు, కోడ్‌లు డబ్బు కట్టక ముందు వాడాల్సినవి. ముందు ఫీజు కట్టేసి తర్వాత రసీదు పంపితే వెనక్కి ఇచ్చే పద్ధతి చాలా పాలసీల్లో ఉండదు. కాబట్టి వరుస తప్పవద్దు. యాప్‌లో పాలసీ లింక్ చేయాలి, ప్రయోజనాన్ని యాక్టివేట్ చేయాలి, జిమ్‌ని ఎంచుకోవాలి, కోడ్ తీసుకోవాలి, దాని గడువు తేదీ చూసుకోవాలి, ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాతే జిమ్‌కి.

జిమ్‌లో రిసెప్షన్ అమ్మాయికో, అబ్బాయికో ఆ కోడ్ గురించి తెలియకపోవచ్చు. మేనేజర్‌ని పిలవమనండి. 'మీ బ్రాంచ్‌లో ఇది తీసుకుంటారా, ఏ ప్యాకేజీకి వర్తిస్తుంది' అని అడిగి, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించుకోండి. ఒక బ్రాంచ్‌లో చెల్లేది ఇంకో బ్రాంచ్‌లో చెల్లకపోవచ్చు, ముఖ్యంగా ఫ్రాంచైజీ జిమ్‌లలో. పర్సనల్ ట్రైనర్, డైట్ ప్లాన్, లాకర్, రిజిస్ట్రేషన్ ఫీజు ఇవన్నీ రాయితీలో కలవవనుకునే లెక్క వేసుకోండి.

తర్వాత ధర పోల్చండి. కోడ్ వాడితే చివరికి కట్టాల్సింది ఎంత, కోడ్ లేకుండా మామూలుగా బేరమాడితే ఎంత? జనవరిలో, ఉగాదికి, దసరాకి జిమ్‌లు ఇచ్చే ఆఫర్లు ఒక్కోసారి బీమా రాయితీని మించిపోతాయి. అలాంటప్పుడు జిమ్ ఆఫర్ తీసుకోండి, బీమా వైపు అడుగుల లెక్కతో వచ్చే తగ్గింపు ఎలాగూ మీకు ఉంటుంది. రెండింటికీ గొడవ లేదు.

బిల్లు మీద జీఎస్టీ కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. 15,000 ఫీజు మీద పాత లెక్కన 2,700 పన్ను పడేది, ఇప్పుడు 750. పాత రేటు వేసి బీమా రాయితీ ఇచ్చామని చెప్తే ఒప్పుకోకండి. జీఎస్టీ నంబరు లేని చిన్న జిమ్ అసలు ఆ పన్ను వసూలు చేయకూడదు. అదే తేదీ నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. మీ ప్రీమియం రసీదు కూడా ఒకసారి చూసుకోండి.

నా సలహా ఇంకొకటి. రాయితీ ఎంత పెద్దదైనా మొదటిసారే రెండేళ్ల ప్యాకేజీ కట్టవద్దు. మూడు నెలలకు తీసుకోండి. వెళ్లే అలవాటు కుదిరాక ఏడాదికి మారండి. జిమ్ మూతపడితే, చేతులు మారితే, మీరు ఇల్లు మారితే పోయే డబ్బు మీదే. అలాంటి నష్టాన్ని బీమా కంపెనీ తన మీద వేసుకోదు, ఎందుకంటే సేవ ఇచ్చేది వేరే సంస్థ అని షరతుల్లోనే రాసి ఉంటుంది.

వ్యాయామం లెక్కలోకి వచ్చేలా చూసుకోవడం

ప్రీమియం తగ్గింపు ప్లాన్ ఉన్నవాళ్లకు ఇది రోజువారీ పని. బీమా యాప్‌ని ఫోన్‌లోని ఆరోగ్య యాప్‌కి అనుసంధానం చేయాలి. ఆండ్రాయిడ్‌లో అయితే హెల్త్ కనెక్ట్, ఐఫోన్‌లో యాపిల్ హెల్త్. అనుమతులు అడిగినప్పుడు అడుగులు, వ్యాయామం, కేలరీలు వీటికి ఒప్పుకోండి. అవసరం లేనివాటికి ఒప్పుకోనక్కర్లేదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ పొదుపు కోసం వెనక నడిచే యాప్‌లను ఫోనే ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ బీమా యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయండి. తీయకపోతే మీరు నడిచినా యాప్‌లో సున్నా కనిపించే రోజులు వస్తాయి. వారానికోసారి యాప్ తెరిచి సింక్ అయిందో లేదో చూడండి. చాలా రోజులు గడిస్తే పాత లెక్క ఎక్కకపోవచ్చు.

జిమ్‌లో బరువులు ఎత్తేవాళ్లకు ఒక చిక్కు ఉంది. గంటసేపు చెమటోడ్చినా అడుగులు వెయ్యి కూడా దాటవు, ఫోన్ లాకర్‌లో ఉంటే అవీ ఉండవు. మీ ప్లాన్‌లో కేలరీల లెక్క ఉంటే గుండె వేగం కొలిచే వాచ్ పెట్టుకోండి. జిమ్ హాజరు లెక్క ఉంటే లోపలికి వెళ్లగానే యాప్‌లో చెక్‌-ఇన్ చేయడం మర్చిపోవద్దు. అడుగులు తప్ప ఇంకేమీ లెక్కపెట్టని ప్లాన్ అయితే బరువుల తర్వాత నడక కలుపుకోండి. ఫోన్‌ని ఊపే యంత్రాలు, ఇంకొకరి చేతికి వాచ్ తొడగడం లాంటివి చేయవద్దు. అది మోసం కిందికి వస్తుంది, పాలసీకే ప్రమాదం.

ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ ఉన్నవాళ్లు ఒకటి అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఒక్కరు నడిస్తే చాలా, పెద్దవాళ్లందరూ నడవాలా? కొన్ని ప్లాన్లలో అందరి లెక్కనూ కలిపి సగటు తీస్తారు. అప్పుడు అత్తమ్మ ఫోన్‌లో కూడా యాప్ పెట్టాలి. ఆవిడ ఉదయం గుడికి నడిచి వెళ్లేది కూడా లెక్కే.

ఏది ఆశించకూడదు

జిమ్ కోసం పాలసీ కొనకండి. కొత్తగా తీసుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇది. గది అద్దె పరిమితి, కో-పే (బిల్లులో మనం పెట్టుకోవాల్సిన వాటా), పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం), మీ ఊళ్లో క్యాష్‌లెస్ ఆస్పత్రులు, ఇవి చూసి పాలసీ ఎంచుకోవాలి. ఇవన్నీ సమానంగా ఉన్న రెండు పాలసీల మధ్య తేల్చుకోలేకపోతే అప్పుడు వెల్‌నెస్ చూడండి. జిమ్ ఆశతో తీసుకుని తర్వాత పత్రం చదివితే లేదని తేలితే, పాలసీ అందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇవ్వవచ్చు.

'మా దగ్గర పాలసీ తీసుకోండి, మీ జిమ్ ఫీజు నేను కడతాను' అని ఏజెంట్ అంటే వద్దనండి. కమీషన్‌లోంచి అలా తిరిగి ఇవ్వడం 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఇచ్చేవాళ్లకే కాదు, తీసుకునేవాళ్లకీ అది తప్పే.

ప్రోటీన్ పౌడర్లు, విటమిన్ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా కొన్నవి పాలసీలో రావు. జిమ్‌లో భుజం బెణికి ఫిజియోథెరపీకి తిరిగితే, ఓపీడీ కవర్ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి కవర్) లేకపోతే ఆ ఖర్చు మీదే. ఆస్పత్రిలో చేరాల్సినంత దెబ్బ తగిలితే మామూలు ప్రమాదంలాగే పాలసీ పనికొస్తుంది.

రెన్యువల్ దగ్గర

గడువుకు రెండు నెలల ముందు యాప్‌లో మొత్తం యాక్టివ్ రోజులు, పాయింట్లు కనిపించే పేజీని ఫొటో తీసి పెట్టండి. కొన్ని కంపెనీల్లో పాయింట్లను మనమే వాడమని చెప్పాలి, వాటంతటవే ప్రీమియంలో తగ్గవు. రెన్యువల్ నోటీసు వచ్చాక తగ్గింపు వరుస అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ఫొటోలు జతచేసి వెంటనే మెయిల్ పెట్టండి. ఆన్‌లైన్‌లో ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యేలా పెట్టుకున్నవాళ్లు ఈ ఒక్క నెల ముందుగా చూసుకోవాలి.

జవాబు రాకపోయినా, తేలకపోయినా ప్రీమియం మాత్రం గడువులోగా కట్టేయండి. ఏడాది ప్రీమియానికి గడువు దాటాక కూడా కట్టుకునేందుకు 30 రోజుల గ్రేస్ ఉన్నా, ఆ రోజుల్లో కవర్ ఉంటుందని ధీమాగా ఉండవద్దు. నాలుగైదు వేల తగ్గింపు కోసం పాలసీ తెగిపోతే ఇన్నేళ్ల వెయిటింగ్ పీరియడ్ లెక్క పోతుంది. కట్టి, ఆ తర్వాత పోరాడండి.

ఫిర్యాదు ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి వెళ్లాలి. అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి, 155255 నంబరుకు ఫోన్ కూడా చేయవచ్చు. కంపెనీకి ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు లేకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం వాళ్లకు ఆ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు ఉండదు, వకీలు అవసరం లేదు. గొడవ బీమా కంపెనీతో కాకుండా జిమ్‌తో అయితే, అంటే కోడ్ తీసుకోనన్నా, కట్టిన డబ్బుకు సేవ ఇవ్వకపోయినా, అది వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాల్సిన విషయం. రెండు చోట్లా మొదట అడిగేవి ఒకటే: పాలసీ నంబరు, జిమ్ రసీదు, ఆ మెయిల్ జవాబు, కోడ్ ఉన్న స్క్రీన్ ఫొటో. ఈ నాలుగూ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపి ఉంచండి.